కూర్చోని తినడం

ఆమె పేరు నేను అడగలేదు. కువైట్‌కు రాకముందు తిరుపతి బస్టాండులో ఒక పావుగంట చూసినాను, అంతే.

చిత్తూరు బస్సు కోసం బెంచీ మీద కూర్చోని ఉన్నాను. పక్కన ఒకామె, నలభై ఐదేళ్ళుంటాయి, గోడవైపు తిరిగి నిలబడుకొని పొట్లంలో చిత్రాన్నం గబగబా తింటా ఉండింది. నా సంచి జరిపి చోటిచ్చినాను.

"కూర్చోక్కా, నిమ్మళంగా తిను. బస్సు ఇంకా రాలేదు."

కూర్చునింది. రెండు ముద్దలు తినింది. మళ్ళీ లేచి నిలబడింది.

"కువైట్‌లో ఒకరింట్లో తొమ్మిదేళ్ళు పనిచేస్తినమ్మా. వంటింట్లో నిలబడుకునే తింటా ఉంటిని. పిలిస్తే టక్కున పోవాల గదా. ఇప్పుడు కూర్చుంటే ముద్ద దిగదు," అని నవ్వింది.

నేను పోబోయేదీ ఆడికే, ఇంటి పనికే.

నేనిక్కడికొచ్చి ఆరేళ్ళయింది. ఈ వంటింట్లోనూ కుర్చీ లేదు. అన్నం పెట్టుకోగానే బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటాను. మేడమ్ పిలిస్తే, "తింటా ఉండాను, అయినాక వస్తా" అని అరబ్బీలో గట్టిగా చెప్తాను.

అరబ్బీలో నేను మొట్టమొదట నేర్చుకునింది ఆ మాటే.