వేపనూనె రాసేటప్పుడే అమ్మ మాట్లాడేది

మా చిన్నప్పుడు నాంపల్లిలో దీపాలు పెట్టే వేళయిందంటే చాలు... దోమలన్నీ మా ఇంటికే దండు కట్టి వచ్చేవి. స్టేషన్ వెనక సందులో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. గడప ముందే మురుగు పారే మోరీ. ఇక చెప్పాలా!

నాన్నకు జహీరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారం వచ్చి వెళ్లేవారు. అమ్మ ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. నాకు తోబుట్టువులు లేరు. బడి నుంచి వచ్చి, తాళం తీసి, గడప మీద కూర్చుని అమ్మ కోసం చూడడమే నా పని.

అమ్మ వచ్చేది... కానీ వచ్చినట్టే ఉండేది కాదు. చెప్పులు విడిచి, ముఖం కడుక్కుని, మాటాపలుకూ లేకుండా స్టవ్ వెలిగించేది. నేనేదైనా చెప్పబోతే, "ఆగు బిడ్డా, తల పగుల్తున్నది," అనేది.

వంటయ్యాక మాత్రం దోమల నూనె సీసా తీసేది.

ఆ నూనె అమ్మ ఇంట్లోనే చేసేది. ఎండబెట్టిన వావిలాకు, నిమ్మగడ్డి కొబ్బరినూనెలో వేసి సన్నని సెగ మీద కాచి, వడగట్టి, వేపనూనె కలిపేది. కర్పూరం మాత్రం స్టవ్ ఆర్పేసి, నూనె గోరువెచ్చగా అయ్యాకే. "మంట దగ్గరికి కర్పూరం తెస్తే ఇల్లే హారతైతది, అవుతల జరుగు!" అని నన్ను తోసేసేది. అబ్బ, ఏం కంపనుకున్నారు!

ఆ కంపంటే నాకు ప్రాణం. ఎందుకంటే చేతికి నూనె అంటితేనే అమ్మకు మాటలు వచ్చేవి. నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని, మడమల నుంచి మోకాళ్ల దాకా రుద్దుతూ, "ఇగ చెప్పు, బడిల ఏమైంది?" అనేది. నేను చెప్పేదాన్ని. ఆఫీసులో ఎవరు ఎవరి మీద గయ్యిమన్నారో తనూ చెప్పి నవ్వేది. చేతులు కడుక్కుందంటే మళ్లీ మౌనమే. అందుకే, "అమ్మా, గీడ అంటలే..." అంటూ కాలివేళ్ల సందులన్నీ చూపించేదాన్ని.

ఒక ఆదివారం నాన్న సుల్తాన్ బజార్ నుంచి ప్లగ్గులో పెట్టే దోమల మిషన్ తెచ్చారు. అందులో బిళ్ల పెట్టి స్విచ్ వేస్తే సరి.

"ఇగ ఆ కంపు నూనె బంద్ పెట్టు. పొద్దంత టైపు కొట్టి కొట్టి చేతులు గుంజుతలేవా నీకు?" అన్నారు అమ్మతో.

"ఔ, జర నడుమన్న వాలుస్త," అంది అమ్మ. ఎంత సంతోషపడిందో పాపం!

ఎవరిని తప్పుపడతాం? మర్నాడు వంట కాగానే అమ్మ స్విచ్ వేసి పడుకుంది. నేను సీసా పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను.

"అమ్మా, రాస్తవా?"

"మిషన్ ఉన్నది గద బిడ్డా. కావాల్నంటే నువ్వే రాసుకో... పెద్దదానివైనవ్."

రాసుకున్నాను. దోమ ఒక్కటీ కుట్టలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. ఆ రోజే బడిలో పాటల పోటీలో నాకు బహుమతి వచ్చింది. ఆ సంగతి అమ్మకు ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు... అసలు చెప్పానో లేదో కూడా.

ఇప్పుడు నాన్న లేరు, అమ్మా లేదు. నాంపల్లిలోనే ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇప్పటి దోమల మిషన్ల వాసనకు దగ్గు తగులుకుంటోందని మొన్న మూలికలమ్మే పన్సారీ దుకాణానికి వెళ్లాను. వావిలాకు దొరకలేదు. నిమ్మగడ్డి నూనె చిన్న సీసాలో దొరికింది. కొబ్బరినూనె, వేపనూనె, కర్పూరం... అమ్మ చేసినట్టే చేశాను.

సాయంత్రం మా ఆఫీసు నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని కాళ్లకు రాసుకుంటున్నాను. "ఇయ్యాల ఆఫీసుల ఏమైందో తెల్సా..." అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. గట్టిగానే అన్నాను. వినడానికి ఇంట్లో ఎవరున్నారని? సిగ్గేసింది... ఆ తర్వాత భయమేసింది. అయినా మొదలుపెట్టాను కదా, మొత్తం చెప్పేశాను.

ఈ రోజుల్లో దోమలకు ఎన్ని మందులో! ఒక్క నిమిషం కూడా పట్టదు, ఒకరి అవసరం ఒకరికి ఉండదు. మీ ఇంట్లో మీకు ఎవరు రాసేవారు? రాస్తూ ఏం మాట్లాడేవారు? కింద చెప్పండి. ఎంత పొడుగైనా పర్లేదు... సాయంత్రాలు నేను ఖాళీగానే ఉంటాను.