నీళ్ళమ్మ పోసిన నీళ్ళు

నీళ్ళమ్మ తన చేత్తో నెత్తిన నీళ్ళు పోసిన పసిబిడ్డ బతకదని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. అందులో సగమే నిజం. నా నోటికి తాళం లేదని ఎలాగూ పేరుంది కనుక, మిగతా సగం నేనే చెబుతాను.

నీళ్ళమ్మ కాన్పుల ఆసుపత్రిలో ఆయా. పుట్టిన బిడ్డ ఊపిరందక నీలంగా మారితే, గుడి నుంచి ఫాదర్ వచ్చేదాకా ఆగదు. తల్లిని అడిగి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున' అంటూ తలమీద పోస్తుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, ఎవరైనా ఇవ్వవచ్చు. అలాంటి బిడ్డల్లో చాలామంది దక్కలేదు. నీళ్ళు పోసినందుకు పోలేదు, పోయేలా ఉన్నారనే పోసింది.

మా మేనకోడలి కొడుక్కీ అలాగే పోసింది. "బిడ్డకు నీళ్ళు పోశాను" అని వరండాలో చెబితే, సగం చెవుడున్న మా ఆడపడుచు "నీళ్ళొదిలేశారట" అని వీధంతా ఏడ్చింది. పిల్లాడు మాత్రం బతికాడు.

తర్వాత గుడికి తీసుకెళ్ళాం. ఫాదర్ నుదుటన తైలం రాశారు, తెల్లబట్ట కప్పారు, జ్ఞానతండ్రిగా పక్కన నిలబడ్డాయన చేతికి కొవ్వొత్తి ఇచ్చారు. నీళ్ళ చెంబు మాత్రం ముట్టుకోలేదు.

"నీళ్ళు పోయరా ఫాదర్?" అంది మేనకోడలు.

"అవి ఆసుపత్రిలోనే పడ్డాయమ్మా, మళ్ళీ పోయకూడదు. ఆ నీళ్ళలో క్రీస్తుతో చనిపోయి, ఆయనతో లేస్తాం. అది ఒక్కసారే."

చనిపోవడం దాని చెవిన పడింది, లేవడం పడలేదు.

ఆనాటి నుంచి పిల్లాణ్ణి కింద దించలేదు. ఈమధ్య వాడికి దగ్గు పట్టుకుంది. గుండెలో పిల్లికూతలు గుమ్మంలోకి వినిపిస్తున్నాయి. పాలు తాగబోయి ఆయాసంతో వదిలేస్తున్నాడు.

"ఆసుపత్రికి పద" అన్నాను.

"అక్కడ ఆవిడుంటుంది అత్తా. మళ్ళీ ఆవిడ కంట పడితే వీడు మిగలడు. ముందు ఆ నీళ్ళు ఎలా తీసెయ్యాలో అడిగిరా."

చెప్పులు వేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. నీళ్ళమ్మ వెనక కుళాయి దగ్గర దుప్పట్లు పిండుతోంది.

"ఏమ్మా, ఆ రోజు పిల్లాడు పోతాడనుకునే పోశావా?"

"అనుకునే పోశానొదినా."

"ఆ నీళ్ళు తీసెయ్యాలంటోంది వాళ్ళమ్మ. వాడికి పిల్లికూతలు. నీకు భయపడి ఇక్కడికి తేనంటోంది."

నీళ్ళమ్మ దుప్పటి బకెట్లో పడేసి నావైపు తిరిగింది.

"అవి తీస్తే పోయేవి కావొదినా. వీడు నా బిడ్డ అని దేవుడు పెట్టుకున్న గుర్తు. నేనంటే భయమైతే ఈ వెనకే కూర్చుంటా, కంటపడను. పిల్లాణ్ణి మాత్రం ఇప్పుడే తీసుకురా."