తాబావా పలకని పేరు

మా మేనత్త తాబావాను మేం గ్వాగ్గో అంటాం. ఒక నవల మాకు చదివి వినిపించేటప్పుడు ఆమె కథానాయకుడి పేరు పలికేది కాదు. ఆ పేరు వచ్చిన చోటల్లా "వాడు" అనేది.

దీనివల్ల ఒకసారి పెద్ద గొడవే అయింది. నవల మొదటి భాగంలో జిన్నుల రాజు ఊరి బావిలో బూడిద కలుపుతాడు. దానికి ముందు పేజీలోనే కథానాయకుడు అదే బావిలో నీళ్లు తోడుతుంటాడు. గ్వాగ్గో ఊపిరి తీసుకోకుండా చదివేసరికి, బూడిద కలిపింది కథానాయకుడే అనుకుంది మా హన్సాతు పిన్ని. వారం రోజులు అతణ్ణి తిట్టింది.

"బావి పాడుచేసినవాడికి పిల్లనిస్తారా? ఆ తండ్రికి కళ్లు లేవా?"

"బావి పాడుచేసింది వీడు కాదే, వాడు," అంది గ్వాగ్గో.

"నేనూ వాడినేగా అంటున్నది."

"అది ఆ వాడు. ఇది మన వాడు."

"వదినా, నీ వాళ్లతో నాకు కళ్లు తిరుగుతున్నాయి. పేరు పెట్టి చదవరాదా?"

గ్వాగ్గో సూది తీసుకుని కుడుతున్న టోపీ మీదికి వంగింది. పిన్ని నాలుక కరుచుకుంది. ఆ పేరు జుబైరు. అది గ్వాగ్గో పెద్దకొడుకు పేరు.

మా కానో పట్నంలో ఏ తల్లీ తొలిబిడ్డను పేరు పెట్టి పిలవదు. నలుగురిలో ఎత్తుకోదు, ముద్దు చెయ్యదు, అటువైపు చూడనైనా చూడదు. సిగ్గున్న మనిషి లక్షణం అది. జుబైరు బావ పాలు మానగానే వాళ్ల నాన్నమ్మ తీసుకుపోయి పెంచింది. తరువాత పుట్టిన ఇద్దరు ఆడపిల్లలను గ్వాగ్గో నోరారా పిలిచింది, నోరారా తిట్టింది. బావను తిట్టడానికి కూడా ఎప్పుడూ పిలవలేదు.

భర్త పోయాక గ్వాగ్గో అన్నగారింటికి, అంటే మా పెదనాన్న ఇంటికి వచ్చేసింది. హన్సాతు పిన్ని పెదనాన్న చిన్న భార్య. నేను నాన్న పోయిన ఏడాదే ఇక్కడికి చేరాను. అప్పటికి పెద్ద బడిలో రెండో ఏడు చదువుతున్నాను. అక్కడితో ఆగిపోయింది. గ్వాగ్గో మాత్రం నలభై దాటాక ఆడవాళ్ల సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. ఆ నేర్చుకున్న అక్షరాలను ఒక్కరోజు ఖాళీగా కూర్చోనివ్వలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ముంగిట్లో చాప పరిచేవాళ్లం. అందరి ఒళ్లోనూ టోపీలు, చేతుల్లో సూదులు. గ్వాగ్గో ఒక పేజీ చదువుతుంది, నాలుగు కుట్లు వేస్తుంది, మళ్లీ పేజీ. వేలు అక్షరాల కింద పాకుతూ ఉంటుంది. నేను ఆమెకంటే వేగంగా చదవగలను. కానీ నలుగురి ముందు నా గొంతు లోపలే ఉండిపోతుంది. అందుకని వింటూ, చూస్తూ ఉంటాను. ముందు పేజీలు దొంగతనంగా చదివే వీలు లేదు. చదవడం ఆపగానే గ్వాగ్గో పుస్తకాన్ని నడుముకు కట్టుకున్న బట్ట కొంగులో ముడివేసుకుంటుంది.

ప్రేమకథలు ఆమెకు పెద్దగా పట్టవు. "ఎవరు ఎవర్ని చేసుకుంటే నాకేం? పెళ్లి తరువాత వంట చెయ్యాల్సిందేగా," అంటుంది. ఆమెకు జిన్నులు కావాలి, నడిచే కొండలు కావాలి, నీడ అమ్ముకున్న మనుషులు కావాలి. ఈ లోకంలో లేని ఊరు పుస్తకంలో కనపడిందంటే అక్కడ ఇళ్లకు వాకిళ్లు ఎటువైపో, మనుషులు ఏం తింటారో ముందే ఊహించి చెబుతుంది. తప్పయితే రచయిత్రి మీద కోపం వస్తుంది.

హజియా ఫురేరా రాసిన "పొగ గోడల పట్నం" ఆమెకు ప్రాణం. ఊరి వానలను దొంగిలించిన జిన్నులను వెతుక్కుంటూ జుబైరు అనే కుర్రాడు పొగతో కట్టిన పట్నంలోకి వెళ్తాడు. వానలను సంచిలో మూటగట్టుకుని బయలుదేరతాడు. కానీ ద్వారం తెరుచుకోదు. అది తెరుచుకోవాలంటే, బయట నిలబడి కన్నతల్లి తన సొంత గొంతుతో, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ఆ కుర్రాడేమో తొలిచూలు బిడ్డ. రెండో భాగం చివరి పేజీలో తల్లి ద్వారం దగ్గరకు వస్తుంది. "ఆమె నోరు తెరిచింది" అన్న మాటతో పుస్తకం ఆగిపోయింది. మిగతాది మూడో భాగంలో.

ఆ మధ్యాహ్నం ఎవరూ సూది ముట్టలేదు.

"కూతురితో పిలిపిస్తుంది చూడు," అంది పిన్ని.

"తల్లి గొంతే కావాలన్నారుగా," అన్నాను నేను.

"అయితే ఆవిడకు జలుబు చేస్తుంది. గొంతు రాదు."

పక్క గదిలో ఉండే ముసలావిడ ఇయా దుదూకు చెవులు సరిగా వినపడవు. అంతా రెండుసార్లు చెప్పించుకుని అంది: "మా రోజుల్లో జిన్నులకు కూడా సిగ్గుండేది. ఇలాంటి షరతులు పెట్టేవి కావు."

గ్వాగ్గో ఒక్కతే ఏ ఊహా చెప్పలేదు. అది నాకు వింతగా అనిపించింది.

ఈ పుస్తకాలన్నీ తెచ్చేది జుబైరు బావే. బజారులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పక్క సందంతా పుస్తకాల దుకాణాలు. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి వాకిటి గదిలో నిలబడి సలాం చెబుతాడు. పుస్తకం నా చేతికిస్తాడు. గ్వాగ్గో మూడు బారల దూరంలో, నేల వైపు చూస్తూ కూర్చుంటుంది.

"మూడో భాగం ఇంకా రాలేదని చెప్పు లాదీ," అనేవాడు నాతో.

"ఇంకా రాలేదట గ్వాగ్గో."

"విన్నాన్లే. అన్నం తిని వెళ్లమను."

"తిని వెళ్లమంటోంది బావా."

"విన్నాను."

ఉపవాసాల నెల వచ్చింది, వెళ్లింది. పండగ వెళ్లింది. వానలు పడ్డాయి, ఆగాయి. పుస్తకం రాలేదు. మేం రెండో భాగం మళ్లీ మొదటినుంచి చదివాం. గ్వాగ్గో ఒక టోపీకి పూల వరస తలకిందులుగా కుట్టింది. ఇరవై ఏళ్లలో ఆమె చేతిలో అలాంటిది జరగలేదు. ఊడదీసి మళ్లీ కుట్టడానికి మూడు రోజులు పట్టింది.

ఒక శుక్రవారం బావ ఖాళీ చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"దుకాణాల్లో అనుకుంటున్నారు. ఆవిడ ఇక రాయదట. ఆ కథను వదిలేసిందట."

నేను తిప్పి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. గ్వాగ్గో చేతిలో దారం తెగింది.

"పుస్తకం వెనక ఆవిడ నంబరు ఉంటుంది. ఒకసారి అడగమని చెప్పు," అని బావ వెళ్లిపోయాడు.

గ్వాగ్గో రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు నాచేత నంబరు నొక్కించి, అందరికీ వినపడేలా పెట్టించింది. అవతల ఎవరో "ఎవరు?" అన్నారు. నేను ఫోను చాప మీద పెట్టేశాను. పిన్ని నన్ను మోచేత్తో పొడిచింది. చివరకు గ్వాగ్గో ఫోను మీదికి వంగింది.

"సలాం హజియా. మేం మీ పుస్తకాలు చదివేవాళ్లం. టోపీలు కుట్టుకుంటాం."

"మూడో భాగం కోసమేనా?"

"మీకెలా తెలిసింది?"

"పొద్దుట్నించి నువ్వు పదకొండోదానివి తల్లీ. ఆ తల్లి కొడుకును పేరు పెట్టి పిలిస్తే పుస్తకం పొయ్యిలో పెడతామని సగం మంది. పిలవకపోతే కుర్రాడు పొగలోనే పోతాడు, ఆ ఉసురు నాకే తగులుతుందని సగం మంది. మా అత్తగారు నా పుస్తకాలు చదివించుకుని వింటుంది. రేపు ఆవిడ మొహం ఎలా చూడను? మూడు నోటుపుస్తకాలు రాశాను, మూడూ చింపేశాను. ఇక నావల్ల కాదు."

"మీరు రాయకపోతే ఆ తల్లి ద్వారం దగ్గరే నిలబడి ఉంటుంది కదా హజియా. ఇప్పటికే తొమ్మిది నెలలైంది."

అవతల అప్పటిదాకా వినిపిస్తున్న రోకలి దెబ్బలు ఆగాయి.

"నీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు."

"పెద్దవాడి పేరేంటి?"

గ్వాగ్గో ముసుగు సర్దుకుంది. "మీ కథలో ఉన్న పేరే."

"అయితే నా పుస్తకం ఎలా చదువుతున్నావమ్మా?"

"వాడు అంటున్నాను."

"మా ప్రాణాలు తోడేస్తోంది హజియా," అని పిన్ని మధ్యలో దూరింది. అవతల నవ్వు వినిపించింది. అలసిపోయిన మనిషి నవ్వు.

"పోనీ ఇంకో దారి చూడనా? తల్లి ఉంగరం చూపిస్తే ద్వారం తెరుచుకున్నట్టు రాస్తాను. నువ్వూ హాయిగా చదువుకోవచ్చు, మా అత్తగారూ వినొచ్చు."

అది మంచి మాటేనని నాకనిపించింది. పిన్ని కూడా తలూపింది. గ్వాగ్గో మాత్రం, "ఉంగరం వద్దు హజియా," అంది. "అంత దూరం నడిచొచ్చింది ఉంగరం చూపించడానికా? నాకోసం తేలిక చెయ్యకండి. మీకేది సరైందనిపిస్తే అది రాయండి. ఎలా చదవాలన్నది నా తంటా."

మూడో భాగం దుమ్ముగాలులు మొదలైన రోజుల్లో వచ్చింది. ఆ శుక్రవారం బావ పరుగున వచ్చాడు. కనుబొమ్మలు కూడా దుమ్ముకు తెల్లబడ్డాయి.

"రెండే మిగిలాయి. ఒకటి లాక్కొచ్చాను. నేనింకా చదవలేదు," అన్నాడు. ఎప్పటిలా వెళ్లలేదు. వాకిటి గదిలోని మట్టి అరుగు చూశాడు. "ఇక్కడ కూర్చోవచ్చేమో అడుగు లాదీ."

నేను అడిగాను. గ్వాగ్గో పుస్తకం అట్ట తుడుస్తూ ఉంది. "వాకిలి అందరిదీ," అంది.

అతను గోడకు అవతల, మేం ఇవతల. ముప్పై పేజీల దాకా హజియా మమ్మల్ని పట్నంలోనే తిప్పింది. మాట్లాడే గడపలు, ఏడుపును గుడ్డలా నేసే ముసలి జిన్ను, సంచిలో గొడవపడే వానలు. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. గ్వాగ్గో చదువుతూ చదువుతూ నెమ్మదించింది. ద్వారం వచ్చింది. పుస్తకంలో తల్లి, చిన్నప్పుడు కొడుక్కి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ లేని గదిలో కూడా పేరు పలకకుండా పెదవులు కరుచుకున్న సంగతి తలుచుకుంది. తరువాత నోరు తెరిచింది.

గ్వాగ్గో వేలు ఆగింది. నేను పక్కనే ఉన్నాను. పేజీలో ఆ పేరు మూడుసార్లు, ఒకదాని కింద ఒకటి ఉంది.

పుస్తకం నాకిస్తుందేమోనని చేతులు ముసుగు కింద దాచుకున్నాను. ఇవ్వలేదు.

"జుబైరు," అంది. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"ఏమందీ? ఎవర్ని పిలిచిందీ?" అంది ఇయా దుదూ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

గ్వాగ్గో వేలు కింది వరసకు జరిపింది. "జుబైరు," అంది, ఈసారి ముసలావిడకు వినపడేలా. ఆగకుండా మూడోసారి కూడా అనేసింది. అది చదివినట్టు లేదు. ఎండలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఇంట్లోకి రమ్మన్నట్టు ఉంది.

"అమ్మా," అని వాకిటి గదిలోంచి వినిపించింది.

పిలిస్తే ఎవరైనా పలుకుతారు. అతను కూడా అనుకుని పలికి ఉండడు. పిన్ని నోటికి ముసుగు అడ్డం పెట్టుకుంది. ఇయా దుదూ మాత్రం, "ఆ కుర్రాడు బతికే ఉన్నాడన్నమాట," అని తృప్తిగా వక్క నమిలింది.

గ్వాగ్గో మొహం పూర్తిగా కప్పేసుకుంది. ముసుగు లోపలినుంచే, "ఇది పుస్తకంలో మాట అని చెప్పవే," అంది నాతో. నేను చెప్పలేదు. కాసేపటికి ముసుగు తీసి, వేలు మళ్లీ అక్షరాల కింద పెట్టింది. పొగ రెండుగా చీలింది. ఆ తరువాత ఇంకా నలభై పేజీలున్నాయి. పేరు వచ్చిన చోటల్లా పేరే చదివింది, గొంతు తడబడుతూనే. కుర్రాడు సంచి విప్పాడు. గొడవపడి అలసిపోయిన వానలు ఒక్కొక్కటే దిగాయి.

చివరి పేజీలో కొత్త నవల ప్రకటన ఉంది. ఒక కమ్మరి పిల్ల మెరుపును సొరకాయ బుర్రలో పట్టుకుంటుందట. మొదటి భాగం ఉపవాసాల తరువాత.

"బుర్ర కాలిపోదూ?" అంది పిన్ని.

"పచ్చి బుర్ర అయితే కాలదు," అంది గ్వాగ్గో వెంటనే. ఆమె అప్పుడే ఆ కమ్మరి కొలిమి దగ్గరకు వెళ్లిపోయిందని తెలుస్తూనే ఉంది. "వాళ్లది కొండ మీది ఊరయి ఉంటుంది. మెరుపులు అక్కడే కిందికి దిగుతాయి."

సాయంత్రపు అసర్ నమాజుకు వేళయింది. బావ చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. "దుకాణంలో ముందే చెప్పి ఉంచనా లాదీ? ఒకటా, రెండా?" అన్నాడు.

నేను గ్వాగ్గో వైపు తిరిగాను. ఆమె నేల వైపే చూస్తోంది. కానీ జవాబు నాకు చెప్పలేదు.

"రెండు చెప్పు," అంది వాకిలి వైపు. "ఒకటి నువ్వు చదువుకో."