టొలీడోలో అక్కర్లేని గెలుపు

ముప్పై ఆరేళ్ల ఒడెల్ ప్రూయిట్ మా టొలీడో బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే పెద్దవాడు. ఆటకు రెండు గంటల ముందే వచ్చి, చీలమండలకు పట్టీలు తానే చుట్టుకుని, మూలుగుతూ మోకాళ్లు వంచి చూసుకునేవాడు. ఆట మొదలైతే మాత్రం బంతి కోసం నేలమీద పడి దొర్లేవాడు. ఆ ఏడు జట్టును పునాదుల నుంచి కట్టాలని మేనేజర్ హాస్కెల్ తీర్మానించాడు. లీగులో అట్టడుగున నిలిచిన జట్టుకే కొత్త ఆటగాళ్లలో మేలైనవాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశం మరి. ఇంతలో ఒడెల్ వరసగా మూడు ఆటలు గెలిపించాడు. మర్నాడే హాస్కెల్ పిలిపించాడు.

"ఏంటి పెద్దాయనా, మా కొంప ముంచుతున్నావు?"

"గెలిచాం కద సార్!"

"అదేనయ్యా గొడవ! కాస్త ఓడిపోవడం కూడా చేతకాకపోతే ఎలా?"

"పదిహేనేళ్లుగా ఆడుతున్నా. అదొక్కటీ ఎవరూ నేర్పలేదు."

ఆ వారమే అతన్ని డేటన్ జట్టుకు ఇచ్చేసి, బదులుగా పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లిద్దర్ని తెచ్చుకున్నారు. మరుసటి నెల ఒడెల్ డేటన్ తరఫున మా ఊరొచ్చి, ఆఖరి క్షణంలో బంతి బుట్టలో వేసి మమ్మల్ని ఒక్క పాయింటుతో ఓడించాడు. ఏడవాలో చప్పట్లు కొట్టాలో తెలియక మేం నిలబడిపోయాం. హాస్కెల్ మాత్రం పరుగున వెళ్లి అతన్ని కౌగలించుకున్నాడు.

"ఇన్నాళ్లకు మా జట్టుకి పనికొచ్చావయ్యా!"