ప్లేటులో తేటపడిన చోటు

ఆ ల్యాబులో ఆమెను అందరూ పిచ్చుక అనేవాళ్లు. మనిషి సన్నం. వచ్చిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది. డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు పరిశోధనలో చోటు దొరకడం గగనం. గైడు ఆమెకు ఒక మూల బల్ల చూపించి, "కాలవ గట్టు మట్టి తెచ్చుకో. మిగతా క్రిముల్ని చంపే క్రిమి అందులో ఏదైనా ఉందేమో వెతుకు" అన్నాడు. ఉంటుందని ఆయన అనుకోలేదు. ఆమె అనుకుంది.

మట్టి కలిపిన నీటిని, క్రిములు పరిచిన గాజు ప్లేటు మీద చుక్కలుగా వేసి పెంచాలి. ఏ చుక్కలోనైనా ఆమె వెతికే క్రిమి ఉంటే, చుట్టూ ఉన్నవి చచ్చి అక్కడ అద్దంలా తేటగా గుండ్రం ఏర్పడుతుంది. చలికాలమంతా ప్లేట్లన్నీ మసకగానే ఉన్నాయి. ఒక ఉదయం ఒకదానిలో బొటనవేలి గోరంత మేర తేటపడింది.

పక్క బల్ల దగ్గర పీహెచ్‌డీ చేసే సీనియర్ ఉన్నాడు. "అన్నా, ఒక్కసారి ఇది చూడవా!"

అతను ప్లేటును వెలుతురుకు ఎత్తి చూశాడు. "అబ్బో! నీ పంట పండిందే పిచ్చుకా!"

పిచ్చుక తల్లి ఆసుపత్రిలో ఆయా. ఫోనులో ఆ మాట వినగానే తుడుపు కర్ర గోడకు ఆనించి, వార్డంతా తిరిగి చెప్పింది, మా పిల్ల కొత్త మందు కనిపెట్టిందని.

వారం చివర ల్యాబు మీటింగులో పిచ్చుక మాట్లాడింది. ప్లేటును అందరికీ ఎత్తి చూపించింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చివర్లో సీనియర్ లేచి, క్రిముల్ని చంపడానికి మందుల షాపులో అమ్మే ఇంజెక్షన్ సీసా ఒకటి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ క్రిమి ఇదేనమ్మా. ప్లేటులో ఒక్క చుక్క వేశాను, అంతే."

గది గొల్లుమంది. ఆమె గైడు వైపు చూసింది. ఆయన నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"కూర్చోమ్మా. సైన్సులో మొదటి పాఠం అనుమానం."

ఇంట్లో తల్లి అన్నం ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చుంది. "రేపు డ్యూటీకి ఏ మొహం పెట్టుకుని వెళ్లనే?"

"అందరికీ చెప్పమన్నానా నేను?"

"చెప్పొద్దనీ అనలేదు కదే."

ఆసుపత్రిలో ఆ తర్వాత చాలాకాలం ఆయాను "డాక్టరమ్మ తల్లి" అని పిలిచి ఆనందించారు.

పిచ్చుక ల్యాబు మానలేదు, మార్కులు పోతాయి కనుక. ప్రశ్నలు మాత్రం మానేసింది. ఎండలు ముదిరాక ఒక ప్లేటులో మళ్లీ గుండ్రం తేలింది. చిన్నది, అంచు వంకర. ఆమెకు ఒళ్లు మండిపోయింది. తీసుకెళ్లి సీనియర్ ముందు పెట్టింది.

"మళ్లీ మొదలెట్టావా అన్నా?"

"ఒట్టు. నేను ముట్టుకోలేదు."

"రెండోసారి కూడా పడతాననుకున్నావా?"

చుట్టూ చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఆపుకుంటున్నారనుకుంది. వాడేసిన ప్లేట్లను ఉడకబెట్టి పారేసేదాకా ఉంచే చెత్తడబ్బాలోకి దాన్ని విసిరి, చేతులు కడుక్కుని క్లాసుకు వెళ్లిపోయింది.

తాను చుక్క వెయ్యలేదని సీనియర్‌కు తెలుసు. ఆ ల్యాబులో ఇంకెవరికీ అంత తెలివి లేదనీ తెలుసు. డబ్బా ఖాళీ చేసేలోపే అందులో చెయ్యి పెట్టాడు.

పరీక్షల నాటికి ల్యాబు తలుపు మీద కాగితం అంటించారు. కాలవ మట్టిలో దొరికిన కొత్త క్రిమి గురించి సీనియర్ ఉపన్యాసం. ఆమె అతని దగ్గరికి వెళ్లింది.

"అది నా ప్లేటు."

"నువ్వు పారేసిన ప్లేటు."

"పారేసేలా చేసింది నువ్వే కదా!"

"ఒట్టేసి మరీ చెప్పానుగా. నమ్మలేదు, నేనేం చెయ్యను?"

అది నిజమే. అదే ఆమెకు మింగుడుపడలేదు.

గైడు విని నిట్టూర్చాడు. "అనుమానించమన్నాను గానీ పరీక్షించకుండా పారెయ్యమన్నానా తల్లీ? ఇప్పుడు రచ్చ చేస్తే ల్యాబు పరువే పోతుంది. ఉపన్యాసం రోజు కుర్చీల సంగతి నువ్వు చూసుకో."

కుర్చీలు వేసి, చివరి వరసలో కూర్చుంది. తెర మీద వంకర అంచు గుండ్రం గోడంత పెద్దదిగా వెలిగింది. హాలంతా చప్పట్లు. ఆమె కూడా కొట్టింది. కొట్టకపోతే అందరి కళ్లూ తన మీదే పడతాయి.

పై చదువుకు దరఖాస్తు పెట్టలేదు. నీళ్ల సీసాల ఫ్యాక్టరీలో నీటిని పరీక్షించే ఉద్యోగంలో చేరింది. అక్కడ ప్లేటులో ఏమీ కనిపించకపోతేనే పని సవ్యంగా జరిగినట్టు. తల్లికి ఆ ఉపన్యాసం సంగతి ఇప్పటికీ చెప్పలేదు.