పాతిపెట్టిన ఏడు ఎలుకలు

ఏడు చిట్టెలుకల బరువెంత ఉంటుంది? దోసిట్లో పట్టేంత. దాన్నే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజులు. చిత్తూరులో, పశువులకు గొంతువాపు రాకుండా టీకామందు తయారుచేసే చోట ఎలుకల్ని సాకడం నా పని. మందును ఊళ్లకు పంపేముందు పది ఎలుకలకు వేసి, తర్వాత అదే రోగం ఎక్కించి చూసేవారు. బతికితే మందు మంచిదన్నట్టు. వారానికోసారి బోనుల్ని వేణ్ణీళ్లతో కడిగి పొట్టు మార్చాలి. బద్ధకించాను. నెల దాటింది. పెంటికల్లో తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు కనిపించాయి. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆ విడత టీకా వేసి రోగం ఎక్కించిన పదింటిలో ఏడు చచ్చాయి. మందును పరీక్షించే డాక్టరుగారు శ్రీకాళహస్తి వెళ్లి ఉన్నారు. ఆయన వచ్చి కోసి చూస్తే పురుగులు బయటపడతాయి, నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నలుగురు పిల్లలు. ఏడింటినీ పెరట్లో పాతిపెట్టి, వేరే బోనులోంచి ఏడు తెచ్చి పెట్టాను. తప్పు పురుగులదే గానీ మందుది కాదు, పశువులకేమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? లేక ఆ పూటకు నమ్మడం అవసరమైందా? ఇప్పటికీ తేల్చుకోలేను.

మందు ఐరాల వైపు ఊళ్లకు వెళ్లింది. వానలు పడగానే, టీకా వేసిన పశువులే గొంతు వాచి పడిపోతున్నాయని కబురొచ్చింది. డాక్టరుగారి వెంట నేనూ వెళ్లాను. ఒక రైతు చచ్చిన కాడెద్దు పక్కన కూర్చుని ఉన్నాడు. డాక్టరుగారు దాని కడుపు కోయించారు. లోపల పురుగులు, ముద్దలు ముద్దలుగా.

"ఇవి ఎప్పటినించి ఉండాయప్పా?" అన్నాను.

"ఈడ యా గొడ్డుకు లేవు సామీ? అన్నీ గుంట నీళ్లు తాగేవే గదా. సూది ఏసినారు గదా, మరి యాల సచ్చిపోయినాది?"

పరీక్షలో ఎలుకలన్నీ బతికాయే, ఏమైందో అర్థం కావడం లేదని డాక్టరుగారు గొణిగారు. నాకు మాత్రం అప్పుడే, ఆ బురదలో నిలబడి ఉండగానే అర్థమైంది. పురుగులున్న ఒంట్లో ఆ టీకా నిలవదని ఎలుకలు ముందే చూపించాయి. భయంతో నోరు మూసుకున్నాను. మందు మళ్లీ మళ్లీ అలాగే వెళ్లింది.

ఇప్పటికీ వీధిలో ఎద్దు గురక వినిపిస్తే, గొంతు వాచిందేమోనని బయటికెళ్లి చూస్తాను. ఆ పశువులు ఎందుకు చచ్చాయో తెలియకుండానే డాక్టరుగారు కన్నుమూశారు. ఆ రైతు ఉన్నాడో లేడో. క్షమించమని ఎవరిని అడగను? డాక్టరుగారికి ఆ రోజు చెప్పవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ఏడు చచ్చాయి సార్. పదింట్లో ఏడు.