మునిస్వామి పెట్టని పిన్నులు

చెన్నైలో పాత కార్లున్నవాళ్లకి పెరంబూరు మెకానిక్ మునిస్వామి మాటంటే మాటే. నలభై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒక్కటే. బిగించాల్సిన సామానంతా స్టీలు ప్లేటులో పరుచుకుంటాడు. ప్లేటు ఖాళీ అయితే పని అయినట్టు. కాగితం మీద రాసుకోవడం ఆయనకి గిట్టదు.

శ్యామ్ గారి ఎర్ర స్పోర్ట్స్ కారు అరవై ఏళ్లనాటిది. ముందు చక్రాలు తాగినవాడి కాళ్లలా ఊగుతుంటే, వాటిని బండికి పట్టి ఉంచే, అరిగిపోయిన బాల్ జాయింట్లు తీసి కొత్తవి వేశాడు. నట్లు బిగించాడు. ఆ నట్లు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చే రెండు చిన్న పిన్నులు మాత్రం పొద్దున పెడదాంలే అని ప్లేటులో వదిలేశాడు.

తెల్లారితే ఆయుధ పూజ. స్నానం చేసి వచ్చి చూస్తే ప్లేటు తళతళా మెరుస్తూ ఖాళీగా ఉంది. పిన్నులు నిన్ననే పెట్టేశానన్నమాట అనుకున్నాడు మహానుభావుడు! ఒక్కసారి వంగి చూడొచ్చు కదా? చూడలేదు. కారు తీసుకెళ్లడానికి వచ్చిన శ్యామ్ గారమ్మాయి నందిత చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మైలాపూరులో ఇంటికి బయల్దేరింది.

తర్వాత సామాన్లకి హారతి ఇస్తూ చూశాడు. పటం ముందు, పానాల పక్కన, రెండు పిన్నులు. వాటికీ పసుపూ కుంకుమా.

"ఈటిని ఈడ ఎవురు పెట్టింది?"

"నేనే. ప్లేటు కడగొద్దా? ఇనప సామాన్లన్నీ పూజలో పెట్టమంటివే," అంది భార్య అలివేలుమంగ.

నందితకి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. నట్టు ఊడిందా, చక్రం పక్కకి వాలిపోతుంది, కారు ఏ బస్సు కిందికో పోతుంది. బంగారంలాంటి పిల్ల! తన చేతులతో తనే చంపినట్టు.

పూజలో పెట్టిన సామాను ఆ రోజు ముట్టకూడదు. ముట్టాడు. పానా, పిన్నులు, జాకీ సంచిలో పడేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆటోలన్నీ పూలదండలతో వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇంకా పూజ కాలా తాతా. ఇప్పుడు బండి తీయకూడదు," అన్నాడు ఆటో గిరి.

"రేయ్ గిరీ, నీ కాళ్లు పట్టుకుంటా పా. ఆడ ఆ బిడ్డ చచ్చిపోతాదిరా!"

డెబ్బై ఏళ్ల మనిషి నిజంగానే వంగబోయాడు. గిరి బిత్తరపోయి ఆటో తీశాడు. మైలాపూరు దారి పట్టారు.

దారిలో పురసవాక్కం దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఒక బట్టల కొట్టు ముందు ఎర్ర కారు ఆగి ఉంది, ముందు చక్రం బయటికి వాలిపోయి. పక్కనే నందిత నిలబడి ఉంది, ఒంటి మీద గీత కూడా లేకుండా. పండగ రద్దీలో బండి నడిచే మనిషికన్నా నెమ్మదిగా పోతోంది కాబట్టి బతికింది.

ఆయన్ని చూడగానే నందిత మొహం విప్పారింది. "నాన్నా, గుంటలో పడి చక్రం విరిగింది. మునిస్వామి తాతగారు వచ్చేశారు. ఇంక భయం లేదు," అంది ఫోనులో.

నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పంతా గుంట మీదికి పోయేది. మునిస్వామి ఫోను లాక్కున్నాడు.

"గుంట కాదు సార్. నేను పిన్నులు పెట్టలా. బిడ్డ చచ్చిపోయుండేది. ఇంక నాకు బండి ఇయ్యొద్దు సార్. నా చేతుల్ని నేనే నమ్మను."

నందిత ఆయన దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. అది చూసి మునిస్వామి రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు.